క్లచ్ పెడల్ లేని కారులో వేడెక్కేది ఏమిటి?

ప్రశ్న: మా డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కారు అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకుతుంటే గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వస్తోందండీ. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెడల్ లేదు గానీ క్లచ్‌లు రెండున్నాయండీ. ఒకదానికి 1, 3, 5, 7 గేర్లు, రెండోదానికి 2, 4, 6. రెండో గేరులో వేగం పెంచుతుండగానే మూడోది సిద్ధమైపోతుంది. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది, అందుకే కుదుపు తెలియదు. చిక్కంతా నత్తనడకలోనే. క్లచ్ పూర్తిగా పట్టుకోక రాసుకుంటూ ఉంటుంది. ముందు బండికి జాగా వదిలి ఒక్కసారే కదలండి. ఆగితే బ్రేక్ గట్టిగా తొక్కండి, క్లచ్ వదిలేస్తుంది.

మరో జవాబు: ఫ్లైఓవర్ ఎక్కేచోట యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, దయచేసి!

ప్రశ్న అడిగినవారు: నేను చేసేది అదే. అన్ని డీసీటీల్లోనూ ఇంతేనా?

జవాబు: కాదండీ, రెండు రకాలున్నాయి. డ్రై క్లచ్ చల్లబడాలంటే గాలే దిక్కు. వెట్ క్లచ్ నూనెలో తిరుగుతుంది, వేడి బాగా తట్టుకుంటుంది. 2003 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32 కారులో వచ్చింది ఈ వెట్ క్లచ్ రకమే.