పడిపోయి తిరిగొచ్చిన విశ్వాసికి మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. ఉజ్జీవ కూటాలు అయిన ప్రతిసారీ వచ్చే తగవే ఇది. ఒకతను పద్దెనిమిదేళ్లకు నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడనుకోండి. తర్వాత పదేళ్లు మందు, అప్పులు, ఇంట్లో గొడవలు. మందిరం గడప తొక్కలేదు. ఇప్పుడు ఏడుస్తూ తిరిగొచ్చాడు. "పాతది చెల్లదు, మళ్లీ నీళ్లలోకి దిగు" అంటున్నారు కొందరు సేవకులు. దిగాలా? అక్కర్లేకపోతే అతన్ని నిలబెట్టే పద్ధతి ఏమిటి? "మనసు మారితే చాలు" లాంటి జవాబులు మాత్రం వద్దు.

బెరయ_17:
అక్కర్లేదు. అపొస్తలుల కార్యములు 8 చూడండి. గారడీ సీమోను నమ్మాడు, బాప్తిస్మం పొందాడు, ఆ వెంటనే డబ్బిచ్చి ఆత్మ వరం కొనబోయాడు. పేతురు అతనితో ఎంత కఠినంగా మాట్లాడాడో తెలుసు కదా. అంత మాట్లాడీ "మళ్లీ బాప్తిస్మం తీసుకో" అనలేదు. మారుమనస్సు పొంది ప్రార్థన చెయ్యమన్నాడు, అంతే.

ఆది సంఘం కూడా ఇదే దారిలో నడిచింది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియసు పెట్టిన హింసకు భయపడి చాలామంది విశ్వాసులు విగ్రహాలకు బలి అర్పించారు. ఇంకొందరు అర్పించినట్టు ధ్రువపత్రాలు కొనుక్కున్నారు. తర్వాతి ఏడు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో బిషప్పులు కూర్చుని ఎవరెవరిని ఎలా చేర్చుకోవాలో తేల్చారు. పశ్చాత్తాప కాలం పెట్టారే గాని రెండోసారి ముంచమని ఎవరూ అనలేదు. ఆ కార్తేజి బిషప్ సిప్రియానే తర్వాత రోము బిషప్ స్తెఫనుతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. దుర్బోధకులు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్నది ఆయన వాదన. అంత పట్టుదల మనిషి కూడా, సంఘంలో బాప్తిస్మం పొంది, దుర్బోధకుల్లో కలిసి, తిరిగి వచ్చినవాడికి చేతులుంచి ప్రార్థిస్తే చాలన్నాడు.

యొర్దాను_తీరం:
బ్రదర్, చరిత్ర బాగుంది గాని అపొస్తలుల కార్యములు 19 వదిలేశారేం? ఎఫెసులో సుమారు పన్నెండుమంది. అప్పటికే బాప్తిస్మం పొందినవాళ్లు. పౌలు వాళ్లకు మళ్లీ ఇప్పించాడు.

అసలు సంగతి మాట్లాడుకుందాం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎందుకు మునిగాడు? పెళ్లి చర్చిలో జరగాలంటే బాప్తిస్మం ఉండాలన్నారు. లేదా స్నేహితులంతా దిగారు, తనూ దిగాడు. మారుమనస్సు లేకుండా మునిగితే అది బాప్తిస్మమా, స్నానమా? నేను "మళ్లీ" ఇవ్వమనడం లేదు. అతనికి ఇంకా జరగనే లేదంటున్నాను. 1525 జనవరిలో జూరిచ్‌లో పెద్దవయసులో ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నవాళ్లు అన్నదీ ఇదే.

బెరయ_17:
ఎఫెసువాళ్లు పడిపోయినవాళ్లు కాదండీ. వాళ్లది బాప్తిస్మమిచ్చే యోహాను బాప్తిస్మం, యేసు నామంలో పొందింది కాదు. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదన్నారు. జూరిచ్‌వాళ్లు మాట్లాడింది చంటిబిడ్డలకిచ్చిన దాని గురించి. మన కేసులో రెండూ లేవు.

అప్పటి మారుమనస్సు నిజమో కాదో ఎవరు తేలుస్తారు? ఈసారీ పడితే "రెండోదీ నిజం కాదు" అంటారు, మూడోది ఇస్తారు. అతను తన ధైర్యమంతా దేవుని వాగ్దానం మీద కాక ఆ రోజు తనకెంత ఏడుపొచ్చిందన్న దాని మీద పెట్టుకుంటాడు. మీరు చెప్పిన పెళ్లి బాప్తిస్మాలు తప్పే, ఒప్పుకుంటాను. దానికి విరుగుడు ముందే పరీక్షించడం. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారని అందరూ చెప్పుకుంటారు. ఆ ఆపడం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

తెనాలి_విచారణ:
మా కథోలికుల్లో జ్ఞానస్నానం, అంటే మీరనే బాప్తిస్మం, ఒక్కసారే. అసలు జరిగిందో లేదో నిజంగా అనుమానముంటే మాత్రం "నీవు ఇంతకుముందు జ్ఞానస్నానం పొందకపోయి ఉంటే" అని షరతు పెట్టి ఇస్తారు. తిరిగొచ్చినవాడికి దారి పాపసంకీర్తనం: ఆత్మ పరిశోధన, పశ్చాత్తాపం, ఇక చేయనన్న నిర్ణయం, గురువు దగ్గర ఒప్పుకోలు, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం. నీళ్లు కావాలన్న మనసు అర్థమవుతుంది. ఈస్టరు ముందు రాత్రి జాగరణలో సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని జ్ఞానస్నాన ప్రమాణాలు మళ్లీ చెబుతాం, గురువు మంత్రించిన నీళ్లు మీద చల్లుతారు. చెప్పింది పాత ప్రమాణమే. నీళ్లూ దాన్ని గుర్తు చేయడానికే.

సంఘపెద్ద:
వాదన మీరు తేల్చుకోండి. పద్ధతి అడిగారు కాబట్టి చెబుతాను.

మొదట అయ్యగారు (పాస్టరు), ఒక పెద్ద కూర్చుని వినాలి. తిరిగొచ్చింది స్త్రీ అయితే పెద్దమ్మగారు ఒకరు తప్పనిసరి. ఆదివారమే మైకు చేతికివ్వడం అన్నిటికంటే పెద్ద తప్పు. చప్పట్లు పడ్డాక మనిషి లోపలి పని ఆపేస్తాడు. తప్పు ఎంతమందికి తెలుసో ఒప్పుకోలు అంతవరకే. ఇంట్లోది ఇంట్లో. ఊరికి తెలిసినదైతే సంఘం ముందు రెండు వాక్యాలు, వివరాలు లేకుండా.

తర్వాత అప్పుల కాగితం: ఎవరికి, ఎంత, ఎప్పటిది. మోసం చేసి తీసుకున్నదైతే లేవీయకాండము 6 ప్రకారం అసలుకు ఐదో వంతు కలపాలి, పదివేలకు పన్నెండువేలు. సువార్తలో సుంకరి జక్కయ్య నాలుగింతలన్నది తనంతట తానే. ఈ అప్పులు తీరేదాకా ప్రత్యేక కానుకలు, కృతజ్ఞత కూటాలు పెట్టించకండి, దానికి ఇంకో అప్పు చేస్తాడు. భార్యను కొట్టిన మనిషైతే, ఏడుస్తున్నాడు కదా అని ఆమెను వెంటనే ఆ ఇంటికి పంపకండి.

రోజూ 51వ కీర్తన, మార్కు సువార్తలో ఒక అధ్యాయం. పదహారు రోజుల్లో అయిపోతుంది, మళ్లీ మొదలు. రాత్రి ఒక పెద్దకు ఫోన్. మధ్యలో తాగితే ఆ రాత్రే చెప్పాలి. దాచితేనే పెద్ద దెబ్బ. పాటలు, ప్రసంగం, సండే స్కూలు ఏడాది వరకు వద్దు. ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం) మాత్రం అంతకాలం దూరం పెట్టకండి. కొరింథు సంఘానికి పౌలు రాసింది అదే: శిక్ష చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు.

మిరియం_నర్సు:
పెద్దగారూ, ఒకటి కలపాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని కూటానికి తెచ్చి ఆ రోజే మాన్పించి మూడు రోజుల ఉపవాసంలో కూర్చోబెడుతున్నారు. ప్రాణం మీదికి వస్తుంది. ఆఖరిసారి తాగిన ఆరు గంటల నుంచే చేతులు వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడతాయి, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటాడు, అరుస్తాడు. దాన్ని దయ్యం అనుకుని పట్టి ఉంచి ప్రార్థిస్తారు. అది తాగుడు ఒక్కసారిగా ఆగినందువల్ల వచ్చే జబ్బు. ఆసుపత్రిలో మాత్రలతో మెల్లగా దించాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇవ్వాలి. ప్రార్థన మంచం పక్కన కూడా చేయొచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ సహాయ నంబరు 14446కు ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు.

యొర్దాను_తీరం:
సిస్టర్ చెప్పింది మా కూటాల్లో ప్రకటించాల్సిన మాట. పెద్దగారి పద్ధతిలోనూ నాకు తేడా ఏమీ కనబడలేదు. ఒక్కటే ప్రశ్న. ఏడాది ఇలా నడిచాక అతనే వచ్చి "అయ్యగారూ, ఆ రోజు నాకు యేసు ఎవరో తెలియదు, పెళ్లి కోసమే మునిగాను" అంటే?

బెరయ_17:
ఏడాది తర్వాత, ఎవరి ఒత్తిడీ లేకుండా అంటే, సంఘం కూర్చుని వినాలి. అప్పుడు కూడా నేను వద్దనే చెబుతాను. అయితే మీలా ఇచ్చే సంఘంతో సహవాసం మానుకోను.

యొర్దాను_తీరం:
నేను ఇవ్వమనే చెబుతాను. ఏడాది ఆగాకే లెండి.