ఆర్‌ఎఫ్‌ల (రేడియో తరంగాలల్ల) వేడెక్కేది బంగారమా, నీళ్లా?

నల్గొండ కెమిస్ట్రీ: అన్నా, ఎమ్మెస్సీ ప్రాజెక్టు. సిట్రేట్ పద్ధతిల చేసిన 15 నానోమీటర్ల బంగారు కణాల ద్రావణం 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్‌ల మంచిగనే వేడెక్కుతుంది. ఉత్త డిస్టిల్డ్ వాటర్ అంత ఎక్కుత లేదు. వేడి బంగారానిదే అని రాయొచ్చా?

పాలమూరు ఫిజిక్స్: అప్పుడే రాయకు తమ్మీ, కంట్రోలే (పోల్చి చూసే శాంపిలే) తప్పు. ద్రావణంల సోడియం, సిట్రేట్, క్లోరైడ్ అయాన్లుంటయి. ఫీల్డ్‌ల అవి అటూ ఇటూ కదిలి కరెంటు పారుతది, నీళ్లే వేడెక్కుతయి. ద్రావణాన్ని సెంట్రిఫ్యూజుల 12,000 జీ (భూమి గురుత్వానికి అన్ని రెట్లు) దగ్గర 30 నిమిషాలు తిప్పు, బంగారం అడుక్కు దిగుతది. పైన తేరిన నీళ్లు వేరే ట్యూబుల తీసి, వాటినొక్కటే పెట్టి చూడు. అంతే వేడొస్తే బంగారం పని ఏం లేనట్టే. రేడియో తరంగాలతోని క్యాన్సర్ కణాలను చంపుతదన్న కాంజియస్ మిషన్ మీద టీవీల్ల ఎంత హడావుడి అయిందో గని, 2011ల అచ్చయిన కొలతల్ల శుద్ధి చేసిన కణాలు దాదాపు ఆర్‌ఎఫ్ పీల్చుకోలేదు.

ల్యాబ్ అక్క: శుద్ధికని కణాలను కడుగుడు ఎక్కువైతే, వాటిని విడిగ ఉంచే సిట్రేట్ పోయి కణాలు ముద్దకడతయి. ఎరుపు ఊదాకు తిరిగి, 520 నానోమీటర్ల దగ్గర కాంతి పీల్చే పీక్ వెడల్పయితే ఆ శాంపిల్ పారబొయ్యి. ముందుగాల థయాల్ పెగ్ (బంగారానికి అంటుకునే పాలిమర్ పూత) ఎక్కించి కడుగు. కండక్టివిటీ (కరెంటు పారే గుణం) కొలిచి, కంట్రోల్ నీళ్లల్ల ఉప్పు కలిపి అంతకే తేవాలె. థర్మామీటర్ ఏది? థర్మోకపుల్ అయితే దాని లోహపు తీగ యాంటెన్నా లెక్క తనే వేడెక్కుతది. ఫైబర్ ఆప్టిక్‌ది వాడు, లేకుంటే ఆర్‌ఎఫ్ బంద్ చేసిన వెంటనే చదువు.

నల్గొండ కెమిస్ట్రీ: థర్మోకపులే అక్కా. ఇవే కణాలకు 808 నానోమీటర్ల లేజర్ కొడితే?

పాలమూరు ఫిజిక్స్: 15 నానోమీటర్ల గుండ్రటివి 808 దగ్గర పెద్దగ పీల్చవు. దానికి నానోరాడ్లు (కడ్డీల లెక్క ఉండే కణాలు) కావాలె.