పిల్ల తినకపోతే వెంటపడి తినిపించాలా, ఆకలికి వదిలేయాలా?

నల్లగొండ అమ్మ:
మా పాపకు మూడేళ్ల రెండు నెలలు. తినేది పెరుగన్నం, ఆలుగడ్డ వేపుడు, బిస్కెట్, పాలు. అంతే, లిస్టు అయిపోయింది. పప్పులో కొత్తిమీర ఆకు ఒక్కటి కనిపించినా రెండు వేళ్లతో పట్టి తీసి నా అరచేతిలో పెడుతుంది, పురుగు దొరికినట్టు. నిన్న రాత్రి చిన్న గిన్నెడు అన్నానికి గంటా పది నిమిషాలు పట్టింది, ఆఖరి బుక్క బుగ్గలో పెట్టుకునే నిద్రపోతే నేనే వేలు పెట్టి బయటికి తీశాను.

ఇంట్లో రెండు పార్టీలు. అత్తమ్మ ఏమంటుందంటే ఫోన్ పెట్టో, కుక్కను చూపించో, ఎట్లనన్నా కడుపు నింపాలి, పిల్లను పస్తు పడుకోబెట్టే ఇల్లు కాదు మనది అని. మా ఆయనేమో కంచంలో పెట్టి వదిలెయ్, ఆకలైతే అదే తింటుంది అంటాడు, కానీ పిల్ల ఏడిస్తే కిరాణానికి ఎత్తుకుపోయి బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చేదీ ఆయనే. గిన్నె పట్టుకుని వాకిట్లో తిరిగేది మాత్రం నేను. బరువు 12 కిలోల 400 గ్రాములు. మీ ఇళ్లలో ఏం చేశారు? నాకు పొద్దుగూకుతుందంటేనే టెన్షన్ మొదలవుతోంది.

దేవరకొండ నాన్న:
వదిలేయాలి. మీ ఆయన చెప్పేది కరెక్టు, చేసేది తప్పు. ఎలిన్ శాటర్ అనే అమెరికా డైటీషియన్ 1980ల్లోనే చెప్పింది: ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇవి పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని అని. మనం రెండు పనులూ మన నెత్తిన వేసుకున్నాం, అదే తంటా.

మా వాడు నాలుగేళ్లప్పుడు సరిగ్గా ఇట్లనే ఉండేవాడు. మూడు పూటలా అన్నం, సాయంత్రం ఒకసారి గుడాలో పండో, ఇక వేరే ఏదీ ఇంట్లో దొరకదు అని రూల్ పెట్టాం. రెండు రోజులు ఇల్లు పీకి పందిరేశాడు. మూడో రోజు సాయంత్రం పొయ్యి దగ్గరికొచ్చి "ఏం కూర?" అని అడిగాడు. వాడు పుట్టాక కూర పేరు అడగడం అదే మొదలు. ఆకలి రుచెరగదు అని ఊరికే అనలేదు పెద్దలు.

వనపర్తి ఉద్యోగిని:
అన్నా, రూల్ పెట్టారు సరే, ఆ రెండు రోజులు ఇంట్లో ఉండి ఆ ఏడుపు విన్నది మీరా, వదినమ్మా? పొద్దున ఏడున్నరకు నా బస్సు. ఆలోపు వంట, బాక్సులు, నా చీర, పిల్లవాడి స్నానం. ఫోన్‌లో బొమ్మలు పెడితే రెండు ఇడ్లీలు పది నిమిషాల్లో లోపలికి పోతాయి, పెట్టకపోతే అర ఇడ్లీకి అరగంట. తప్పని నాకూ తెలుసు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆ గంటను నేను ఇడ్లీకే ఖర్చు పెడుతున్నా అనుకోండి. ఖాళీ కడుపుతో పంపితే మధ్యాహ్నం దాకా నా పని మీద నాకు మనసుండదు.

అంగన్‌వాడీ టీచర్, పాలమూరు:
వెంటపడడమా వదిలేయడమా అన్నది తర్వాత చూద్దాం. నల్లగొండ చెల్లె, పాప రోజుకు ఎన్ని పాలు తాగుతుందో చెప్పు ముందు.

నల్లగొండ అమ్మ:
పొద్దున లేవగానే ఒక గ్లాసు, మధ్యాహ్నం నిద్రలో సీసాతో, సాయంత్రం మళ్లీ, రాత్రి అన్నం సరిగా తినలేదని పడుకునే ముందు పెద్ద గ్లాసు. లీటరుకు కొంచెం తక్కువ ఉంటుందేమో అక్కా. పాలు మంచివే కదా?

అంగన్‌వాడీ టీచర్, పాలమూరు:
మంచివే. కానీ లీటరు పాలు తాగిన మూడేళ్ల పిల్లకు ఆకలెక్కడ మిగులుతుంది? ఈ వయసుకు రోజుకు అర లీటరు లోపు చాలు. పాలల్లో కాల్షియం ఉంది గానీ ఐరన్ దాదాపు లేదు, పైగా ఎక్కువ పాలు తాగితే వేరే తిండిలోని ఐరన్ కూడా ఒంటికి సరిగా పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువని తేలింది. అందరికీ పాల వల్లే అనడం లేదు, కానీ తెల్లగా బొద్దుగా ఉండి, రక్తం మాత్రం లేని పిల్లల్ని సెంటర్‌లో చాలామందిని చూశాను.

ఇంకొకటి, పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్ల ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే ఒక్క ఏడాదిలో ఆరు కిలోలు. ఆ తర్వాత ఏడాదికి రెండు కిలోల చిల్లరే పెరుగుతుంది, కాబట్టి ఆకలి తగ్గుతుంది, అది రోగం కాదు. తల్లులు మాత్రం అప్పటి లెక్కే పట్టుకుని గిన్నె నింపుతారు. మీ పాప వయసు ఆడపిల్లకు మా గ్రోత్ చార్ట్‌లో కింది గీత 11 కిలోల దగ్గరుంటుంది. 12.4 అంటే ఆకుపచ్చలోనే ఉంది. ఒక్క నెల బరువు చూసి భయపడకు, నెలనెలా గీత పైకి పోతుందా లేదా చూడు.

ఇక కొత్త తిండి సంగతి. రెండేళ్ల నుంచి ఐదారేళ్ల దాకా కొత్త కూర అంటే అనుమానం చాలామంది పిల్లలకు ఉండేదే. ఒకసారి పెట్టి ఉమ్మేసింది కాబట్టి దానికి ఇష్టం లేదని రాసేసుకుంటాం. ఎనిమిది, పది, కొందరికి పదిహేనుసార్లు కంచంలో కనిపిస్తే గానీ నోట్లో పెట్టుకోరు. మా సెంటర్‌లో ఒక పిల్ల గుడ్డు పేరు చెబితేనే ముక్కు మూసుకునేది. నేనేమీ అనలేదు. రోజూ అందరితో పాటు దాని ప్లేటులోనూ గుడ్డు పెట్టాను. వారం తర్వాత నా పక్కన కూర్చుని మిగతా పిల్లల గుడ్లకు పొట్టు వలవడం మొదలుపెట్టింది. గోరుకు అంటిన తెల్లసొన ముక్క ఒకరోజు నాకింది. నెల దాటాక తెల్లసొన తింది. పచ్చసొన ఇప్పటికీ పక్క పిల్లవాడి ప్లేటులోకే వెళ్తుంది, వాడికి పండగ.

ముద్ద పెట్టాలంటే ఆమె పిడికిలి అంత పెట్టు, మన పిడికిలి అంత కాదు. పల్లీలు మాత్రం గింజలుగా ఇవ్వకు, గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి ఇయ్యి.

మర్రిగూడ పెద్దాయన:
అందరూ "మా కాలంలో అన్నీ తిన్నాం" అంటారు, ఎవరైనా రాయకముందే నేను చెప్తా. మా ఇంట్లో పొద్దున తైద (రాగి) అంబలి, మధ్యాహ్నం జొన్న రొట్టె, పచ్చిపులుసు. వానలు పడితే గంగవాయిలి కూర, ఎండాకాలం చింతచిగురు. ఏరుకుని తినడానికి ఏముంది? వద్దంటే మిగతా ఐదుగురు అన్నదమ్ములు సంతోషంగా పంచుకునేవాళ్లు. అది క్రమశిక్షణ కాదు నాయనా, లేమి. అంతా తిన్న మాకే ఈ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర్లు పోయినవాళ్లు ఊరినిండా ఉన్నారు. కాబట్టి దేవరకొండ తమ్మీ, ఆకలి అన్నీ నేర్పిస్తుంది అనే మాట కడుపు నిండినవాళ్లు అంటే వినడానికి బాగుంటుంది.

తైదలు మాత్రం వదలకండి. పాలు తగ్గించాక కాల్షియం ఎట్లా అని నా కోడలు అడిగితే ఆమెకూ ఇదే చెప్పాను, వంద గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది.

దేవరకొండ నాన్న:
పెద్దాయనా, మీ మాట కాదనను. కానీ నేను పస్తు పెట్టమనలేదు. టైముకు తిండి పెట్టి, మధ్యలో చిల్లర తిండి ఆపమన్నాను. మీ కాలంలో లేనిది అదే, ఐదు రూపాయల ప్యాకెట్. ఇప్పుడు ప్రతి గల్లీ దుకాణంలో తోరణం కట్టినట్టు వేలాడుతున్నాయి. వనపర్తి చెల్లె, ఆ రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నది నేనే. వాడి ఏడుపు చూడలేక మా ఇంటావిడ తల్లిగారింటికి పోయింది.

నారాయణపేట నానమ్మ:
(నేను చెప్తుంటే మనవడు టైపు చేస్తున్నాడు.) అత్తలందరినీ గోడకు నిలబెట్టారు, ఒక మాట నేనూ అంటా. వాకిట్లో వెన్నెల్లో కూర్చోబెట్టి, ఇది అమ్మ ముద్ద, ఇది తాత ముద్ద, ఇది పిట్ట ముద్ద అని పెడితే పిల్లలు తినలేదా? అది వెంటపడడం ఎట్లయితది? చేతితో కలిపి పెట్టిన ముద్దకు, ఫోన్ చూపించి నోట్లో కుక్కిన ముద్దకు తేడా లేదా? నా ముద్దలో తోటకూర ఉందని పిల్ల చూసి తినేది. ఫోన్ చూసే పిల్లకు నోట్లో ఉన్నది తోటకూరో కాగితమో తెలుస్తదా? చాలన్నప్పుడు మాత్రం ఆపాలి. నేను ఆపేదాన్ని కాదు, అది నిజం. నా పెద్ద కొడుకు ఇప్పటికీ పుంటికూర ముట్టడు.

(నానమ్మ చెప్పింది కరెక్టే. ఆ పెద్ద కొడుకు మా నాన్న. – మనవడు)

కల్వకుర్తి అమ్మ:
ఇదంతా చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. "ఆకలి రుచెరగదు" అనే సామెత మా బాబుకు ఎవరూ చెప్పలేదు. మేమూ వదిలేసి చూశాం. మూడు రోజులైనా వాడు "ఏం కూర" అని రాలేదు, నాలుగో రోజు నీరసించి పడుకున్నాడు. మెత్తగా, ముద్దగా ఉన్నది ఏది నోట్లో పెట్టినా ఓకరించేవాడు, కరకరలాడేవి ఐదు రకాలే తినేవాడు. అందరూ గారాబం అన్నారు, నా పెంపకం అన్నారు. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ముందు చూపించిన చోట పరీక్ష లేకుండానే ఆకలి టానిక్ రాసి పంపేశారు, ఆ టానిక్ కోసం మూడు నెలలు పోగొట్టుకున్నాం.

ఐరన్ మందు ఇచ్చారు, నోటి స్పర్శకు అలవాటు చేసే థెరపీకి ఆరు నెలలు తిరిగాం. ఇప్పుడు పద్దెనిమిది రకాలు తింటాడు, నేను గోడ మీద రాసిపెట్టుకున్నా. కాబట్టి బరువు పెరగడం ఆగినా, ఓకరింత వచ్చినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తినే రకాలు ఇంకా తగ్గిపోతున్నా, మట్టి, బలపం తింటున్నా ఇక్కడ అడగకండి, పిల్లల డాక్టరు దగ్గరికి పోండి. ఐరన్ మందును పాలతో వేయకండి, బత్తాయి రసంతో వేస్తే బాగా పడుతుందని మా డాక్టరు చెప్పారు. నల్లగొండలో ఉండి బత్తాయికి కరువా చెల్లె?

వనపర్తి ఉద్యోగిని:
అక్కా, మట్టి సంగతి చదివి గుండె ఆగింది. మావాడు గోడ సున్నం గీకుతాడు, అల్లరి అనుకున్నా. శనివారం రక్త పరీక్ష చేయిస్తాను.

నల్లగొండ అమ్మ (మూడు వారాల తర్వాత):
అందరికీ థాంక్స్. ఏమైందో చెప్తాను. పాల సీసా తీసేశాను, నాలుగు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు, పక్కింటివాళ్లతో సహా. ఇప్పుడు రెండు చిన్న గ్లాసులే. రక్త పరీక్ష చేయించాం, 10.2 వచ్చింది, 11 ఉండాలట, మందు రాశారు. రోజూ బత్తాయి పిండుతున్నా.

కూర ఇంకా ముట్టదు. కానీ మొన్న మామయ్య జొన్న రొట్టె తింటుంటే పక్కన చేరి ఆయన కంచంలోంచి ఒక ముక్క లాక్కుంది, పల్లీల పొడి అద్దుకుంది, నమిలింది, సగం ఆయన లుంగీ మీద ఉమ్మింది, సగం మింగింది. నేను చప్పుడు చేయకుండా వంటింట్లోంచి చూస్తున్నా. అత్తమ్మ అది చూసి "నేను పెడితే తినదు గానీ దొంగతనంగా అయితే తింటుంది" అని అలిగి కూర్చుంది. మరునాటి నుంచి ఆమె కూడా కంచం పెట్టుకుని పాప పక్కనే కూర్చుని తింటోంది, కానీ ఫోన్ కొంగు కింద దాచిపెట్టుకుంది, నేను చూడలేదనుకుంటోంది.

మా ఆయన కిరాణం దారి మార్చాడు. అది మాత్రం నాకు నమ్మకం లేదు.