ఇండిగో షేరు కొంటే హోటళ్లు, సరకు రవాణా, ఎగిరే ట్యాక్సీ కూడా మన వాటాలోకి వస్తాయా?

ప్రశ్న: పటమట మదుపరి, విజయవాడ

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ సొమ్ములో కొంత భాగాన్ని పదేళ్లు కదపకుండా షేర్లలో ఉంచాలనుకుంటున్నాను. మా మేనల్లుడు ఇండిగో షేరు కొనమని పట్టుబడుతున్నాడు. విమానాల వ్యాపారంలో పెద్దపెద్దవాళ్లే చేతులు కాల్చుకున్నారు కదా, ఇంధనం ధర పెరిగినా రూపాయి విలువ తగ్గినా ముందు దెబ్బ తినేది వాళ్లే కదా అని నేను అంటే, అతను ఒప్పుకోవడం లేదు. ఆ గ్రూపుకు విమానాలు మాత్రమే కాదనీ, దేశమంతటా ఐబిస్ హోటళ్లు ఉన్నాయనీ, అమెరికా పార్సిల్ సంస్థ యూపీఎస్‌తో కలిసి సరకు రవాణా చేస్తున్నారనీ, పైలట్ల శిక్షణ కేంద్రాలు ఉన్నాయనీ, నిట్టనిలువుగా పైకి లేచే విద్యుత్ ట్యాక్సీలు కూడా తెస్తున్నారనీ, ఒక్క షేరు కొంటే ఇవన్నీ కొన్నట్టేననీ అతని వాదన.

ఇది నిజమేనా? విమానాలలో నష్టం వచ్చిన ఏడాది హోటళ్ల లాభం ఆ లోటును పూడుస్తుందా? మాతృసంస్థ బలంగా ఉంటే చిన్న వాటాదారుకు ఏ మేరకు రక్షణ ఉంటుంది? లెక్కలు తెలిసినవారు వివరంగా చెబితే కృతజ్ఞుణ్ని.

జవాబు: అరండల్‌పేట ఆడిటర్, గుంటూరు

పటమటవారికి నమస్కారం. మీ మేనల్లుడు చెప్పిన వ్యాపారాలన్నీ ఉన్నవే. కానీ అవి మీరు కొనబోయే షేరులో లేవు. మార్కెట్లో దొరికేది ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ లిమిటెడ్ షేరు. ఇండిగో పేరుతో విమానాలు నడిపేది ఆ కంపెనీయే. దాని తొలి విమానం 2006 ఆగస్టు 4న ఎగిరింది, షేర్లు 2015 నవంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీకి వచ్చాయి. హోటళ్లు, యూపీఎస్ భాగస్వామ్యం, ఎగిరే ట్యాక్సీ ఒప్పందం ఇంటర్‌గ్లోబ్ ఎంటర్‌ప్రైజెస్ అనే వేరొక సంస్థ వైపు ఉన్నాయి. అది ఇండిగో వ్యవస్థాపకులలో ఒకరైన రాహుల్ భాటియా, ఆయన కుటుంబం చేతిలో ఉన్న ప్రైవేటు సంస్థ కాబట్టి దాని షేరు మనకు ఎక్కడా దొరకదు.

ఇక్కడ అసలు సంగతి ఏమిటంటే, విమానయాన కంపెనీలో ఎంటర్‌ప్రైజెస్ పక్షానికి మూడో వంతుకు పైగా వాటా ఉంది, కానీ ఎంటర్‌ప్రైజెస్‌లో విమానయాన కంపెనీకి ఏ వాటా లేదు. కనుక ఇండిగో డివిడెండు ఇస్తే అందులో పెద్ద భాగం ప్రమోటర్లకు, అంటే కంపెనీని స్థాపించి నడిపించే పెద్ద వాటాదారులకు చేరుతుంది. హోటల్ గదులు నిండి లాభం వస్తే ఆ లాభం ఇండిగో వాటాదారు దాకా రావడానికి దారే లేదు. మీ రెండో ప్రశ్నకు కూడా ఇదే జవాబు. సగానికి పైగా వాటా లేనందువల్ల కేవలం వాటా లెక్కన చూస్తే ఎంటర్‌ప్రైజెస్‌ను హోల్డింగ్ కంపెనీ అనడం కూడా కుదరదు. ప్రమోటర్ సంస్థ అనడమే సరైనది.

మరో విషయం కూడా గమనించండి. విమానాల మీద సంపాదించి తక్కిన వ్యాపారాలు పెట్టారని చాలామంది అనుకుంటారు, కానీ జరిగిన క్రమం వేరు. ఎంటర్‌ప్రైజెస్ 1989లో మొదలైంది. విదేశీ విమాన సంస్థలకు మన దేశంలో టికెట్లు అమ్మిపెట్టే ఏజెన్సీ పనితో ఎదిగి, 2004లో ఫ్రాన్స్‌కు చెందిన అకోర్‌తో హోటళ్ల భాగస్వామ్యం కుదుర్చుకుంది. ఇండిగో ఎగిరింది ఆ తరువాత రెండేళ్లకు. అంటే ఆ కుటుంబం దృష్టిలో ఇండిగో చాలా పెద్దదే అయినా, పలు వ్యాపారాలలో ఒకటి.

చిన్న వాటాదారు నిజంగా కన్నేసి ఉంచవలసింది ఈ రెండు కంపెనీల మధ్య నడిచే డబ్బు మీద. పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ, కార్యాలయ భవనాల అద్దె, టికెట్ల అమ్మకపు ఏజెన్సీ వంటి పనులకు ఇండిగో తన ప్రమోటర్ల గ్రూపు సంస్థలకే డబ్బు చెల్లించడం మొదటి నుంచీ ఉంది. లెక్కల భాషలో వీటిని సంబంధిత పక్షాలతో లావాదేవీలు అంటారు. ఇవి తప్పు కాదు, కానీ ధర సరైనదా కాదా అన్నది ఎవరో ఒకరు బయటి నుంచి చూడాలి. 2019 జులైలో సహ వ్యవస్థాపకుడు రాకేశ్ గంగ్వాల్ షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి లేఖ రాసింది సరిగ్గా ఈ విషయం మీదే. ఆడిట్ కమిటీ ఆమోదం, పోటీ ధరల సేకరణ వంటి పద్ధతులు పాటించలేదని ఆయన ఆరోపించారు. పాన్ దుకాణం నడిపేవారైనా ఇలాంటివి ఇంతకంటే హుందాగా చూసుకుంటారన్న ఆయన మాట అప్పట్లో పత్రికలన్నిటిలో వచ్చింది. భాటియా పక్షం ఆ ఆరోపణలను ఖండించింది. ఆ లావాదేవీలన్నీ కలిపినా కంపెనీ ఆదాయంలో సుమారు అర శాతమేనని చెప్పింది. 2022 ఫిబ్రవరిలో గంగ్వాల్ బోర్డు నుంచి తప్పుకొని, తన వాటాను క్రమంగా అమ్ముతూ వచ్చారు.

అర శాతం చిన్నదే అని నేనూ అంటాను. అయినా ఇద్దరు వ్యవస్థాపకులలో ఒకరే ప్రశ్న లేవనెత్తవలసి వచ్చిందంటే, ప్రమోటర్ల సొంత వ్యాపారాలు పెరిగే కొద్దీ ఈ పద్దును ఏటేటా చదవడం మదుపరి విధి అని నా గట్టి అభిప్రాయం.

జవాబు: గవర్నర్‌పేట ట్రావెల్స్, విజయవాడ

ఆడిటర్ గారు లెక్కల వైపు నుంచి చెప్పారు. ఆ గ్రూపు వ్యాపారాలలో ఒకటి మా బల్ల మీదే రోజూ కనిపిస్తుంది కాబట్టి దాని గురించి రాస్తున్నాను. అమ్మాయి పురుటికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు మేము టికెట్ తీసేటప్పుడు తెరిచేది ట్రావెల్‌పోర్ట్ వారి గెలీలియో అనే టికెట్ల బుకింగు వ్యవస్థ. నల్లటి తెర మీద ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం కొట్టి, పక్కనే తేదీ, ఆ పక్కనే బయలుదేరే ఊరి మూడక్షరాలు, చేరే ఊరి మూడక్షరాలు ఖాళీ లేకుండా కొడితే, ఆ రోజు ఏ విమానంలో ఏ తరగతిలో ఎన్ని సీట్లు ఉన్నాయో వరుసగా వస్తాయి. మన గన్నవరానికి వీజీఏ అని కొట్టాలి. ఈ వ్యవస్థను మన దేశంలో ఏజెంట్లకు అందించేది ఇంటర్‌గ్లోబ్ టెక్నాలజీ కోషెంట్, అంటే అదే గ్రూపు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ తెర మీద మేము ఒక గల్ఫ్ సంస్థ టికెట్ తీసినా, యూరప్ సంస్థ టికెట్ తీసినా, ఆ విమాన సంస్థ బుకింగుకు ఇంతని పంపిణీ వ్యవస్థకు రుసుము చెల్లిస్తుంది. అందులో కొంత మాకు ప్రోత్సాహకంగా వస్తుంది. ఇండిగోతో పోటీపడే సంస్థ సీటు అమ్ముడైనా గ్రూపుకు ఆదాయమే. చవక విమాన సంస్థలేమో ఆ రుసుము మిగుల్చుకోవడానికే చాలాకాలం ఇలాంటి వ్యవస్థలకు దూరంగా ఉండి, సొంత వెబ్‌సైటులోనే టికెట్లు అమ్ముకున్నాయి. కాబట్టి ప్రమోటర్ లాభం, విమాన సంస్థ లాభం ప్రతిసారీ ఒకే దిక్కున నడుస్తాయని అనుకోవద్దు.

జవాబు: పటమటవారి మేనల్లుడు

మామయ్య ఈ చర్చ చూడమన్నారు. వాటాల అమరిక గురించి ఆడిటర్ గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే విమాన సంస్థకు ఇతర వ్యాపారాల అండ ఉండడం మేలన్న నా మాట మీద నేను నిలబడతాను. మలేషియా ఎయిర్‌ఏషియాను చూడండి. 2001లో టోనీ ఫెర్నాండెజ్ అప్పులతో సహా దాన్ని ఒక్క రింగిట్‌కు కొన్నారు. కరోనా కాలంలో విమానాలు నేల మీద నిలిచిపోయిన తరువాత, 2022 జనవరిలో గ్రూపు పేరును క్యాపిటల్ ఏగా మార్చి, సరకు రవాణాకు టెలిపోర్ట్, విమానాల మరమ్మతుకు ఏషియా డిజిటల్ ఇంజనీరింగ్, ఆహారానికి సంతాన్, ప్రయాణాల యాప్‌కు మూవ్ అని విడివిడిగా నిలబెట్టారు. అక్కడ ఇవన్నీ షేర్లు మార్కెట్లో దొరికే లిస్టెడ్ కంపెనీ కిందనే ఉన్నాయి, వాటాదారుకు అన్నిటిలోనూ భాగం వచ్చింది. మన దగ్గర ఇవి ప్రమోటర్ల చేతిలోనే ఎందుకు ఉండాలి అని వాటాదారులు వార్షిక సమావేశంలో అడగాలి.

జవాబు: బ్రాడీపేట విశ్రాంత బ్యాంకు అధికారి, గుంటూరు

బాబూ, నీ ప్రశ్న మంచిదే. కానీ క్యాపిటల్ ఏ కథను చివరిదాకా చెప్పాలి. పేరు మార్చుకున్న నెలలోనే మలేషియా ఎక్స్ఛేంజీ ఆ కంపెనీని ఆర్థికంగా చితికిన సంస్థల జాబితాలో చేర్చింది. ఆ జాబితా నుంచి బయటపడే ప్రయత్నంలో భాగంగా విమాన వ్యాపారాన్ని సోదర సంస్థ ఎయిర్‌ఏషియా ఎక్స్‌కు అమ్మడానికి 2024లో ఒప్పందం చేసుకుంది. అన్నీ ఒకే గూటిలో ఉంటే లాభాలే కాదు, విమానాల అప్పు కూడా అన్నిటి మీదా పడుతుంది.

నేను రుణాల విభాగంలో పనిచేసినవాణ్ని కాబట్టి, పటమటవారి మూడో ప్రశ్నకు అప్పిచ్చేవారి వైపు నుంచి జవాబు చెబుతాను. మాతృసంస్థ సంపద విమాన సంస్థను కాపాడుతుందా లేదా అన్నది ఒక కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఆ కాగితం పేరు కార్పొరేట్ గ్యారంటీ, అంటే అప్పు తీరకపోతే తాను కడతానని మరో కంపెనీ రాసిచ్చే హామీ. కింగ్‌ఫిషర్ విమాన సంస్థ విషయంలో దాని మాతృసంస్థ యునైటెడ్ బ్రూవరీస్ హోల్డింగ్స్ ఆ హామీ ఇచ్చింది. చవక ప్రయాణానికి దారి వేసిన ఎయిర్ డెక్కన్‌ను కూడా తనలో కలుపుకున్న కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఎగరడం ఆపేసింది. హామీ తీర్చలేక హోల్డింగ్స్ కంపెనీ కూడా మునిగింది, 2017 ఫిబ్రవరిలో కర్ణాటక హైకోర్టు దాన్ని మూసివేయమని ఆదేశించింది. బీరు వ్యాపారంలో వాటా ఉందన్న ధీమాతో ఆ హోల్డింగ్స్ షేరు కొన్నవారు తాము ఎన్నడూ ఎక్కని విమానాల అప్పుకు మూల్యం చెల్లించారు.

గో ఫస్ట్ విమాన సంస్థది దీనికి పూర్తిగా భిన్నమైన కథ. దాని వెనుక ఉన్నది బ్రిటానియా, బాంబే డైయింగ్ వంటి పాత పేర్లున్న వాడియా గ్రూపు. ఇంజన్ల కొరతతో సగానికి సగం విమానాలు నిలిచిపోయి, 2023 మేలో ఆ సంస్థ దివాలా ప్రక్రియకు వెళ్లింది, 2025 జనవరిలో లిక్విడేషన్, అంటే ఆస్తులు అమ్మి మూసివేసే ఆదేశం వచ్చింది. బ్రిటానియా వాటాదారు మీద మాత్రం ఆ భారం పడలేదు. గ్రూపు ఎంత గట్టిదైనా, రాసి ఇవ్వని హామీని బ్యాంకు అడగలేదు, చిన్న వాటాదారు అసలే అడగలేడు. అందుచేత ఇండిగో షేరు కొనేవారు హోటళ్లను లెక్కలోకి తీసుకోకుండా, విమానాల మీద వచ్చే లాభం ఒక్కటే చూసి ధర నిర్ణయించుకోవాలి.

జవాబు: ఆటోనగర్ విడిభాగాల వర్తకుడు, విజయవాడ

సరకు రవాణా గురించి ఒక స్పష్టత ఇవ్వాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు వ్యాపారాలు కలిసిపోతున్నాయి. యూపీఎస్‌తో కలిసి 2022లో మొదలైన మూవిన్ ప్రమోటర్ల సంస్థది. అది వ్యాపార సంస్థల మధ్య సరకు చేరవేయడానికి పెట్టింది. ఇండిగో విమానం కడుపులో వెళ్లే పార్సిళ్లు, సీట్లు తీసేసి సరకు కోసమే మార్చిన ఏ321 విమానాలు మాత్రం లిస్టెడ్ కంపెనీవే, వాటి ఆదాయంలో వాటాదారుకు భాగం ఉంటుంది. చెన్నై నుంచి గేర్‌బాక్సు అత్యవసరంగా తెప్పించుకునే మాలాంటివారికి రెండూ పనికొచ్చేవే, కానీ మదుపరి వాటిని కలిపి చూడకూడదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: పటమట మదుపరి

అందరికీ ధన్యవాదాలు. నా సందేహం చాలావరకు తీరింది. ఇంకా రెండే అడుగుతాను. ఆ ఎగిరే ట్యాక్సీ సంగతి ఎంతవరకు వచ్చింది? ఆడిటర్ గారు చెప్పిన ఆ లావాదేవీల పద్దు మాలాంటివారు ఎక్కడ చూడాలి?

జవాబు: అరండల్‌పేట ఆడిటర్, గుంటూరు

ట్యాక్సీ గురించి 2023 నవంబరులో అమెరికాకు చెందిన ఆర్చర్ ఏవియేషన్‌తో ఎంటర్‌ప్రైజెస్ కుదుర్చుకున్నది అవగాహన ఒప్పందం మాత్రమే. పైలట్‌తో పాటు నలుగురు ప్రయాణించే మిడ్‌నైట్ అనే విమానంతో, ఢిల్లీ కనాట్ ప్లేస్ నుంచి గురుగ్రామ్‌కు కారులో గంట, గంటన్నర పట్టే దూరాన్ని ఏడు నిమిషాలలో దాటించాలన్నది ఆలోచన. 200 దాకా అలాంటి విమానాలు తెస్తామని, 2026లో సేవలు మొదలుపెడతామని అప్పట్లో ప్రకటించారు. అయితే అవగాహన ఒప్పందం కొనుగోలు ఆర్డరు కాదు. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేనిదే అది ప్రయాణికులను ఎక్కించుకోలేదు. పైగా అది జరిగినా లాభం చేరేది ఎంటర్‌ప్రైజెస్‌కే.

విమానాలు నడపడం కాకుండా మీ షేరులో నిజంగా ఇమిడి ఉన్నవి వేరే ఉన్నాయి. విమానాశ్రయంలో సామాను, మెట్లు, బస్సుల పని చూసే ఎజైల్ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్, గుజరాత్ గిఫ్ట్ సిటీలో విమానాల లీజు కోసం పెట్టిన ఆర్థిక సంస్థ ఇండిగో సొంత అనుబంధ సంస్థలు. అంకుర సంస్థలలో పెట్టుబడి పెట్టే ఇండిగో వెంచర్స్ నిధి కూడా ఈ కంపెనీ వైపుదే. వీటిలో లీజు సంస్థ మీద నాకు ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే డాలర్లలో కట్టే అద్దెలే విమాన కంపెనీకి పెద్ద బరువు.

పద్దు కోసం ఎవరినీ అడగనక్కరలేదు. వార్షిక నివేదికలో ఆర్థిక పట్టికల వెనుక వచ్చే నోట్సులో సంబంధిత పక్షాల వివరాలు సంస్థల పేర్లతో సహా, ఈ ఏడాది మొత్తం, గత ఏడాది మొత్తం పక్కపక్కనే ముద్రించి ఉంటాయి. ఇవి కాక ఆరు నెలలకు ఒకసారి ఎక్స్ఛేంజీకి విడిగా నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన ఉంది. అది ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పరిమితి దాటిన పెద్ద లావాదేవీలకు వాటాదారుల ఆమోదం కూడా కావాలి, ఆ తీర్మానాన్ని ఆమోదించే ఓటు సంబంధిత పక్షాలకు ఉండదు. అలాంటి తీర్మానం మీ ఈమెయిల్‌కు వచ్చినప్పుడు తెరిచి చదివి, ఓటు వేయండి. మొదట గత ఐదేళ్ల నివేదికలు దించుకొని ఆ ఒక్క నోటు వరుసగా చూడండి. అంకెలు అర్థం కాని చోట ఇక్కడే రాస్తే వివరిస్తాను.