పసిపిల్లల్లో నెమ్ము: ప్రమాదాన్ని ఎలా పసిగట్టారు?

ఏజెన్సీ_టీచర్:
చలి మొదలైతే మా కొండ ఊళ్లలో పసిపిల్లలకు నెమ్ము (న్యుమోనియా) చేస్తుంది. నిరుడు మా బడి పక్కింట్లో పాలు తాగే బిడ్డ పోయింది. దగ్గే కదా అని ఊరుకున్నారు. మీ ఇళ్లలో ఎలా గుర్తుపట్టారు? నెమ్ము రాకుండా వేసే న్యూమోకాకల్ టీకా వేయించారా? ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ అందిందా?

బుజ్జి_వాళ్ల_అమ్మ:
మావాడికి అప్పుడు ఎనిమిది నెలలు. చొక్కా పైకెత్తి, ఫోనులో గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టాను. అరవై దాటింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. జ్వరం పెద్దగా లేదు! పళ్లు వస్తున్నాయిలే అని మా అత్తగారు అన్నా వినకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లాను. వెళ్లగానే ఆక్సిజన్ పెట్టారు.

పిల్లల_డాక్టర్:
ఇరవై ఏళ్లకు పైగా పిల్లల వార్డులో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఫోను పట్టుకుని రోగనిర్ధారణ చేయకండి. జ్వరం వచ్చినా, ఏడ్చినా ఊపిరి వేగం పెరుగుతుంది. పిల్లికూతలతో ఆయాసపడే బిడ్డకూ అంతే. స్టెతస్కోపు పెట్టకుండా, ఎక్స్‌రే చూడకుండా నెమ్ము అనేయడం వల్లే ఊరూరా యాంటీబయాటిక్స్ పంచేస్తున్నారు.

కొండ_నర్సు:
డాక్టరు గారూ, మా దగ్గర ఎక్స్‌రే కావాలంటే ముందు డోలీ, ఆ తర్వాత జీపు. అంతసేపు బిడ్డ ఆగుతుందా? నిమిషానికి ఊపిరులు రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది మాలాంటి చోట్ల కోసమే. ఏడుపు ఆపాకే లెక్కపెట్టాలని మాకూ తెలుసు.

సిరోంచ_అల్లుడు:
మా అత్తగారి జిల్లా మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు నెమ్మును గుర్తుపట్టడం నేర్పి వాళ్ల చేతనే మందు ఇప్పించారు. మిగతా ఊళ్లతో పోలిస్తే అక్కడ నెమ్ము మరణాలు సగానికి పైగా తక్కువని 1990లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. లెక్క రాని వాళ్ల కోసం తర్వాత పూసల చట్రం, ఇసుక గడియారం తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. నిమిషంలో ఇసుక అయిపోయేలోపు చివరనున్న ఎర్రపూస కదిలితే నెమ్ము.

పిల్లల_డాక్టర్:
1990 నాటి పరిస్థితికీ ఇప్పటికీ పోలికా?

కొండ_నర్సు:
మా కొండ మీద ఇప్పటికీ అదే పరిస్థితి. వచ్చి ఒక వారం ఉండండి, తెలుస్తుంది.

పొగలేని_వంట:
అసలు కారణం వదిలేసి కొట్టుకుంటున్నారు. కట్టెల పొయ్యి! చంకలో బిడ్డ, చేతిలో ఊదుగొట్టం. ముందు ఇంటింటికీ గ్యాస్ ఇవ్వండి.

లెక్కల_మనిషి:
అంత సులువు కాదు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో గ్యాస్ పొయ్యిలు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధనలో పసిపిల్లల తీవ్ర న్యుమోనియా తగ్గలేదు. మలావీలో మెరుగైన పొయ్యిలతోనూ అంతే. తల్లిపాలు, తిండి, టీకాలు చూడాలి.

పొగలేని_వంట:
తగ్గకపోతే ఆ పొగలోనే పిల్లల్ని పెంచాలా? మీ ఇంట్లో పెంచుతారా?

కొండ_నర్సు:
పొయ్యి సంగతి తర్వాత. ముందు చురకలు మానిపించండి. పొట్ట మీద కాల్చిన వాతలతో, డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను తెస్తారు. ఆ వాతలు పుండ్లు పడి అదొక నరకం.

ఇద్దరు_పిల్లల_నాన్న:
టీకా గురించి అడిగారు కదా. మా పెద్దదానికి ప్రైవేటులో ఒక్కో మోతాదుకు వేలల్లో అయింది. 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. చివరిది మాత్రం మా వీధిలో చాలామంది వదిలేస్తున్నారు.

ఏజెన్సీ_టీచర్:
ఆక్సిజన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిరోంచ_అల్లుడు:
బంగ్లాదేశ్‌లో డాక్టర్ చిస్తీ షాంపూ సీసాలో నీళ్లు పోసి, బిడ్డ ముక్కుకు పెట్టిన గొట్టం కొస అందులో ముంచి, బుడగల ఒత్తిడితో పిల్లల ఊపిరితిత్తులు తెరిచి ఉంచారు. చవకగా అయిపోతుంది.

పిల్లల_డాక్టర్:
అది పెద్ద ఆస్పత్రిలో, వైద్యుల కళ్లముందు చేసిన పని. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి!

కొండ_నర్సు:
ఈ మాట మాత్రం డాక్టరు గారిదే నిజం. టీచరు గారూ, మీ ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ యంత్రం ఉందా, కరెంటు పోతే సిలిండరు ఉందా అని ముందే అడిగి పెట్టుకోండి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు కొంటే పాదానికి చుట్టే పసిపిల్లల ప్రోబ్ ఉన్నది కొనండి. పెద్దల క్లిప్పు ఆ వేళ్లకు సరిగా పట్టదు, తప్పు అంకె చూపిస్తుంది. 90 శాతం కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాల్సిందే.