యువకులు సరదాకు, యువతులు బాధకు తాగుతారన్నది నిజమేనా?

సూటిమాట: మద్యం తాగడానికి పురికొల్పే కారణాలను మనస్తత్వవేత్త లిన్ కూపర్ 1994 నాటి తన ప్రశ్నావళిలో నాలుగుగా విడదీశారు: నలుగురితో కలవడం, ఉల్లాసం, బాధను మరవడం, తోటివారిలో వేరుపడకుండా ఉండడం. కొత్త అనుభవాల కోసం తెగించే తపన యువకులలో సగటున ఎక్కువ కనుక వారు ఉల్లాసానికి తాగుతారనీ, యువతుల తాగుడు వెనుక దిగులో ఆందోళనో ఉంటుందనీ నా అభిప్రాయం.

వేకువ: తేడా అంతా స్వభావంలోనే ఉంటే అది తరాలతో మారకూడదు. 68 అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి పరిశీలన ప్రకారం, 1900 ప్రాంతంలో పుట్టినవారిలో తాగే అవకాశం పురుషులకు స్త్రీలకన్నా 2.2 రెట్లు ఉండగా, ఆ శతాబ్దం చివర పుట్టినవారిలో అది 1.1 రెట్లకు దిగింది.

సూటిమాట: ఆ అంకె ఎందరు తాగుతారో చెబుతుంది గాని, ఎందుకు తాగుతారో చెప్పదు. దయచేసి రెండింటినీ కలపకండి.

పాతపాఠకుడు: స్త్రీ దేహంలో నీటి పాలు తక్కువ కనుక, బరువు సమానమైనా అదే మోతాదుకు రక్తంలో మద్యం గాఢత పెరుగుతుంది. దాన్నెవరూ ప్రస్తావించరేం?

వేకువ: సూటిమాట గారూ, ఎందుకు తాగుతారన్నది మనకు తెలిసేది తాగేవారు రాసిన జవాబుల వల్లనే కదా. మగవాడు ఏడవకూడదని చిన్ననాటి నుంచీ వింటూ పెరిగినవాడు, బాధ మరవడానికి తాగానన్న గడిలో టిక్కు పెడతాడా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విందులో ఒక్క గ్లాసు తీసుకుంటే, ఇంట్లో ఏదైనా కష్టమా అని ముగ్గురు అడిగారు. నా పక్కనే నాలుగో గ్లాసులో ఉన్నవాడిని ఎవరూ అడగలేదు.

సూటిమాట: మీ ఒక్కరి అనుభవం సాక్ష్యం కాదు. నాతో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న మిత్రుడు సరదాకే తాగుతున్నానని తన నోటితో చెప్పేవాడు. అది అబద్ధమనడానికి మీరెవరు?

వేకువ: అబద్ధమని నేననలేదు, అతను బయటికి చెప్పుకోగలిగిన కారణం అదొక్కటే అయి ఉండవచ్చన్నాను. ఒంటరిగా తాగే అలవాటుకు, బాధ మరవడానికి తాగడానికి దగ్గరి సంబంధం ఉందని పరిశోధనలు చూపాయి. అతను ఒంటరిగా తాగిన రోజులు లేవా? నన్ను నిలదీసే ముందు అది చెప్పండి.

తటస్థ: ఇద్దరూ కాస్త నిదానించండి.

సూటిమాట: ఉన్నాయి. పరీక్ష తప్పాక చాలా ఉన్నాయి. మీ మాట ఒప్పుకుంటే, పక్క మంచం మీద ఉండి కూడా నేను గమనించలేదని ఒప్పుకోవాలి. అది నా వల్ల కావడం లేదు. అయినా తపనలో తేడా ఉందన్న మాటను వెనక్కి తీసుకోను.

వేకువ: తీసుకోనక్కరలేదు, ఆ తేడాను నేనూ కాదనను. అతను ఇప్పుడెలా ఉన్నారు?