పై అంతస్తులో చెక్క నేల ఇల్లు: చిన్నపిల్లలున్నవాళ్ళు తీసుకోవచ్చా?

ఎడిసన్ అమ్మ:
న్యూజెర్సీ ఎడిసన్‌లో అద్దెకు రెండు ఇళ్ళు చూశాం. ఒకటి పాత గార్డెన్ అపార్ట్‌మెంట్‌లో (రెండు మూడు అంతస్తులే ఉండే కట్టడం) పై అంతస్తు, గదులన్నీ ఓక్ హార్డ్‌వుడ్. రెండోది కార్పెట్ ఇల్లు. అద్దె దాదాపు ఒకటే. మా బాబుకి నాలుగేళ్ళు, దుమ్ము పడదు. అందుకని నా మనసు చెక్క నేల మీదే ఉంది. మా ఆయన మాత్రం కింద వాళ్ళతో రోజూ గొడవేనంటున్నారు. పైగా వంటగది, బాత్రూమ్ పోను మిగతా నేలలో 80 శాతం రగ్గులతో కప్పాలని లీజులో ఉంది. అంతా కప్పేస్తే ఇక హార్డ్‌వుడ్ ఎందుకు? మీరైతే ఏం చేస్తారు?

పోపుడబ్బా:
కళ్ళు మూసుకుని తీసుకోండి. మేం మూడేళ్ళు కార్పెట్ ఇంట్లో ఉన్నాం. రోజూ పెట్టే పోపు, ఆదివారం చేపల పులుసు, ఆ వాసనంతా కార్పెట్‌కే పట్టింది. ఒకసారి సాంబారు ఒలికితే పసుపు మరక ఎంత రుద్దినా పోలేదు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో చాలా భాగం దానికే పోయింది. చెక్క మీదైతే వెంటనే తుడిస్తే పోయేది.

కింది వాటా:
నేను వద్దంటాను. మీ ఆయన భయపడే ఆ కింద ఇంటి మనిషిని నేనే కాబట్టి చెబుతున్నాను.

మన ఊళ్ళో కాంక్రీటు స్లాబు. ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పై నేలకీ నా కప్పుకీ మధ్య ఉండేవి చెక్క దూలాలే. టీవీ గట్టిగా పెడితే ఓర్చుకోవచ్చు. మడమల చప్పుడు అలా కాదు, దూలాల గుండా నేరుగా తలమీద కొట్టినట్టు వస్తుంది. మా పైన ఉన్నవాళ్ళు చాలా మంచివాళ్ళు, పండక్కి పిండివంటలు పంపిస్తారు. అయినా పొద్దున ఆరింటికి బాబు పరుగు, రాత్రి వెట్ గ్రైండర్, భోజనాల దగ్గర కుర్చీల లాగుడు. పసివాణ్ణి పరిగెత్తొద్దని నేనెలా చెప్పను? అలా ఏడాదిగా సరిగ్గా నిద్ర లేదు. 80 శాతం షరతు మాలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. అది చట్టం కాదు, లీజు షరతే. కానీ సంతకం చేశాక పాటించాల్సిందే.

పోపుడబ్బా:
మీ బాధ అర్థమైందండీ. కానీ కట్టడంలో లోపానికి అద్దెకుండేవాళ్ళు రగ్గులు కొనాలా? శబ్దం ఆగే నేల వేయించాల్సింది ఓనరు కదా?

కింది వాటా:
న్యాయంగా ఓనరే వేయించాలి. కానీ ఆయన వేయించేదాకా నాకు నిద్ర ఎలాగండీ?

ఎడిసన్ అమ్మ:
రగ్గులు వేస్తే దుమ్ము మళ్ళీ వాటిలోనే చేరుతుంది కదా?

ఓక్ పలక:
రగ్గుని ఎత్తి బయట దులపొచ్చు, ఉతికే రకాలూ దొరుకుతాయి. గోడ నుంచి గోడకి అతికించిన కార్పెట్‌ని ఏం చేస్తారు? నా ఓటు హార్డ్‌వుడ్‌కే. పదేళ్ళుగా అలాంటి ఇంట్లోనే ఉంటున్నాను.

రగ్గు కన్నా దాని కింద వేసే ప్యాడ్ ముఖ్యం. మందమైన ఫెల్ట్‌ది, అంటే ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డది, కొనండి. చవక రబ్బరు ప్యాడ్లలో కొన్ని పాలిష్‌కి అతుక్కుని మరక చేస్తాయి. కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ బిళ్ళలు అంటించండి. గ్రైండర్ కింద మందపాటి మ్యాట్ వేసి, రాత్రి కాకుండా సాయంత్రమే రుబ్బుకోండి. మన ఇళ్ళలో లాగా బకెట్ నీళ్ళతో తుడవకూడదు, స్టీమ్ మాప్ అసలే వద్దు. గట్టిగా పిండిన గుడ్డ చాలు. దీపం కుందుల కింద పళ్ళెం పెట్టండి. చలికాలంలో హీటర్ వల్ల చెక్క ఎండి పలకల మధ్య సందులు కనిపిస్తాయి, వేసవి తేమకి మళ్ళీ దగ్గరవుతాయి. దానికి కంగారు పడొద్దు.

చేరిన రోజే నేల మీద ప్రతి గీతకీ ఫోటో తీసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఈమెయిల్ చేయండి. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దెకి మించకూడదు. ఖాళీ చేశాక 30 రోజుల్లో వడ్డీతో తిరిగివ్వాలి, ఏమైనా పట్టుకుంటే దేనికెంతో రాసివ్వాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి కోయకూడదు. అన్యాయంగా పట్టుకుంటే కోర్టుకెళ్ళి రెట్టింపు అడగొచ్చు.

ఎడిసన్ అమ్మ:
అందరికీ థాంక్స్. కింది వాటా గారి మాట చదివాక పై ఇంటికి సంతకం పెట్టబుద్ధి కాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే అదే కాంప్లెక్స్‌లో కింది అంతస్తు ఇల్లు వచ్చే నెల ఖాళీ అవుతుందన్నారు. అదీ చెక్క నేలే. శనివారం మధ్యాహ్నం చూడ్డానికి వెళ్తున్నాం.

కింది వాటా:
మధ్యాహ్నం వద్దమ్మా. సాయంత్రం ఏడింటికి, పైవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళండి. పడగ్గదిలో పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడి వినండి.